ఇంట్లో పాట రికార్డు చేయడానికి ఎంత కంప్యూటర్ కావాలి? అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక కీబోర్డ్ ప్లేయర్ ఫోన్ చేశాడు. "అన్నా, లక్షా పదివేలు పెట్టి గేమింగ్ లాప్‌టాప్ కొన్నా. పాట మధ్యలో టప్‌టప్‌మంటోంది. ప్రాసెసర్ చాలట్లేదంటావా?" చాలకపోవడమేంటి, నేను రోజూ పని చేసే మిషన్ దాంట్లో సగం కూడా ఉండదు. వెళ్లి చూస్తే దోషం వైఫై డ్రైవరుది, అంటే వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్‌ది. వైఫై ఆపగానే చప్పుడు పోయింది. ఇంతా చేసి అతను పాడించేది కాలర్ మైకులో! కంప్యూటర్ కొన్నాక మంచి మైకుకి డబ్బులు మిగల్లేదట.

పదేళ్లుగా ఇంట్లో ఒక చిన్న గదిలో రికార్డింగులు చేస్తున్నాను. జానపదాలు, చర్చి పాటలు, కూచిపూడి క్లాసులకి జతులు, ఎవరైనా అడిగితే వాయిస్ ఓవర్లు. ఈ పదేళ్లలో మైకుల గురించి అడిగినవాళ్లకన్నా కంప్యూటర్ గురించి అడిగినవాళ్లే ఎక్కువ. అడిగే ముందే సగం తప్పు సమాచారం మోసుకొస్తారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఐ7 లేకపోతే రికార్డింగ్ నడవదు

ఐ7 అనే స్టిక్కర్ ఒక్కటీ చూసి కొనేవాళ్లకి ఒక ఉదాహరణ చెప్తా. ఐ7-7500యూ అని 2016లో వచ్చిన లాప్‌టాప్ ప్రాసెసర్ ఉంది. పేరుకి ఐ7, లోపల ఉన్నవి రెండే కోర్లు (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగాలు). 2018లో డెస్క్‌టాప్‌కి వచ్చిన ఐ5-8500లో ఆరు కోర్లు. సెకండ్‌హ్యాండ్ షాపులో రెండూ పక్కపక్కన పెడితే చాలామంది చెయ్యి ఐ7 మీదకే పోతుంది.

చూడాల్సింది తరం నంబరు (8500 అంటే ఎనిమిదో తరం), చివరి అక్షరం. యూ అంటే కరెంటు తక్కువ తాగే రకం, హెచ్ అంటే లాప్‌టాప్‌లలో బలమైన రకం, డెస్క్‌టాప్ చిప్పుల్లో టీ అంటే వేడి తగ్గించడానికి వేగం తగ్గించిన రకం. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కన్నా పాతది తీసుకోవద్దంటాను. వేగం ఒక కారణమైతే, ఒకటీ అరా తప్ప ఏడో తరానికీ అంతకు ముందువాటికీ విండోస్ 11 అధికారికంగా రాకపోవడం ఇంకో కారణం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇప్పటికే పాతది ఉంటే పారేయక్కర్లేదు, నెట్ తీసేసి రికార్డింగుకి మాత్రమే వాడుకోండి. కొత్తగా డబ్బు పెట్టి మాత్రం కొనకండి.

ఇంకో సంగతి. ఒక ట్రాక్ మీద వరసగా పెట్టిన ప్లగిన్లన్నీ (శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రామ్‌లు) ఒకదాని తర్వాత ఒకటి నడవాలి కాబట్టి అవి మామూలుగా ఒకే కోరు మీద పడతాయి. ఈక్యూ అయితేనే కంప్రెసర్, కంప్రెసర్ అయితేనే రివర్బ్. పన్నెండు కోర్లున్నా ఆ ట్రాక్‌కి ఒరిగేదేమీ లేదు. ఒక్కో కోరు ఎంత చురుకైందన్నదే లెక్క.

అపోహ: గొంతు ఆలస్యంగా వినిపిస్తోందంటే కంప్యూటర్ స్లో

ఇక్కడ కాస్త కూర్చుందాం, ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ ఒక్క అపోహ వల్లే.

ఒకసారి మృదంగం రికార్డు చేస్తున్నాం. వాయించే ఆయన రెండు ఆవర్తాలు వాయించి హెడ్‌ఫోన్ తీసేశారు. "నా దెబ్బ నాకే వెనకాల వినిపిస్తోందయ్యా, తాళం ఎట్లా పట్టుకోను?" అన్నారు. తప్పు నాదే. అంతకుముందు మిక్సింగ్ చేస్తూ బఫర్ 1024 పెట్టి అలాగే వదిలేశాను.

బఫర్ అంటే షేర్ ఆటో అనుకోండి. మీ గొంతు శాంపిల్స్‌గా, అంటే చిన్నచిన్న ముక్కలుగా మారి ఒక్కొక్కటీ వచ్చి ఎక్కుతుంది, సీట్లన్నీ నిండితేగాని ఆటో కదలదు. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిల్స్ వస్తుంటే, 1024 సీట్ల ఆటో నిండడానికి 21 మిల్లీసెకన్లు పడుతుంది. వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి కలిపి 40 దాటుతుంది. మృదంగం ఆయనకి వినిపించింది అదే. 128 సీట్ల ఆటో అయితే 2.7 మిల్లీసెకన్లకే కదులుతుంది. రానూపోనూ, మధ్యలో ఇంటర్‌ఫేస్ (మైకునీ కంప్యూటర్‌నీ కలిపే పెట్టె) చేసే మార్పిడులు కూడా కలుపుకుంటే మంచి డ్రైవరుతో ఓ పది మిల్లీసెకన్ల లోపు వస్తుంది. గాలిలో శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి, పక్క వాయిద్యగాడు మూడు మీటర్ల దూరంలో కూర్చున్నట్టు. కచేరీలో అంత దూరం మామూలే.

మరి ఎప్పుడూ 128 పెట్టుకోవచ్చు కదా? సీట్లు తగ్గితే ఆటో ఎక్కువ ట్రిప్పులు తిరగాలి. 128కి సెకనుకి 375 ట్రిప్పులు. అందులో ఒక్కటి టైముకి రాకపోయినా మీకు వినిపించేదే ఆ "టప్". ప్రాసెసర్ మీటరు 20 శాతమే చూపిస్తుంటుంది, అయినా టప్. ఎందుకంటే వైఫై డ్రైవరో, బ్లూటూత్ డ్రైవరో, బ్యాటరీ పొదుపు సెట్టింగో రోడ్డుకి అడ్డంగా ఒక్క క్షణం నిలబడింది. రికార్డింగుకి కంప్యూటర్ ఎంత బలమైందన్నది తర్వాతి మాట, టైముకి వస్తుందా లేదా అన్నది ముందు మాట. లేటెన్సీమాన్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది. పది నిమిషాలు నడిపిస్తే అడ్డం నిలబడ్డ డ్రైవరు పేరు చూపిస్తుంది. కీబోర్డ్ తమ్ముడి దోషం దొరికింది దాంట్లోనే.

రెండో సంగతి డ్రైవర్. విండోస్‌లో ఆడియో నేరుగా పోవడానికి 1997లో స్టైన్‌బర్గ్ కంపెనీ ఏసియో అనే పద్ధతి తెచ్చింది. ఇంటర్‌ఫేస్ తయారుచేసినవాళ్లే సొంత ఏసియో డ్రైవర్ ఇస్తే పాత ఐ5 మీద కూడా 128 హాయిగా నడుస్తుంది. సొంత డ్రైవర్ లేకుండా ఏసియో ఫర్ ఆల్ అనే ఉమ్మడి డ్రైవర్ వేసుకోమని చెప్పే చవక ఇంటర్‌ఫేస్‌తో కొత్త మిషన్ కూడా తడబడొచ్చు. అందుకే ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగి ఇంటర్‌ఫేస్‌లో ఒక మెట్టు ఎక్కమంటాను.

ఇంతకీ మీరు పాడేవాళ్లే అయితే ఈ గొడవంతా మీది కాదు. చాలా ఇంటర్‌ఫేస్‌ల మీద డైరెక్ట్ మానిటర్ అని ఒక బటనో నాబో ఉంటుంది. అది తిప్పితే మీ గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది, ఆలస్యం ఉన్నా చెవికి తెలియదు. ఇక బఫర్ 1024 ఉన్నా ఫర్వాలేదు. తక్కువ బఫర్ నిజంగా కావాల్సింది కీబోర్డ్ మీద సాఫ్ట్‌వేర్ టోన్లు వాయించేవాళ్లకీ, గిటార్‌ని కంప్యూటర్‌లోని యాంప్ ద్వారా వినేవాళ్లకీ.

అపోహ: 32 జీబీ ర్యామ్ తప్పనిసరి

ర్యామ్ తినేది శాంపిల్ లైబ్రరీలు, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన వాయిద్యాల శబ్దాలు. వయొలిన్ సెక్షన్లు, పెద్ద పియానోలు, డ్రమ్ కిట్లు. గొంతు, హార్మోనియం, డప్పు నేరుగా మైకులో రికార్డు చేసేవాళ్లకి 8 జీబీతో పని జరుగుతుంది. కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి 16. అంతకుమించి ఎప్పుడు కావాలో మీకే తెలుస్తుంది. కొనేముందు అడగాల్సింది ఒకటే: ఖాళీ స్లాట్ ఉందా, లేక ర్యామ్ బోర్డు మీదే అతికించేశారా? అతికించేసి ఉంటే రేపు పెంచుకోలేరు, ఇవాళే సరిపడా తీసుకోవాలి.

అపోహ: రికార్డింగుకి హార్డ్ డిస్క్ స్పీడు చాలదు

లెక్క చూడండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ. ఇరవై ట్రాక్‌లు ఒకేసారి నడిచినా సెకనుకి 3 ఎంబీ లోపే. పాత హార్డ్ డిస్క్ కూడా అంతకు ఎన్నో రెట్లు ఇవ్వగలదు. అయినా నేను ఎస్ఎస్‌డీ వేయించుకోమనే చెప్తాను. టోన్లు త్వరగా లోడవుతాయి, దానికన్నా ముఖ్యం అది చప్పుడు చేయదు. చిన్న చప్పుడు కూడా పట్టేసే కండెన్సర్ మైకు ముందు హార్డ్ డిస్క్ కిర్రుమనడం ఒకసారి వినిపించాక ఇక చెవి దాన్నే వెతుక్కుంటుంది. పాత డిస్క్ తీసి బయటి పెట్టెలో పెట్టుకుని బ్యాకప్‌కి వాడుకోండి.

చిన్నచిన్నవి కొన్ని

గ్రాఫిక్స్ కార్డు: పాటకి అక్కర్లేదు. వీడియో ఎడిటింగ్ కూడా చేస్తారంటే వేరే మాట. లేకపోతే ఫ్యాన్ హోరు అదనం.

192 కిలోహెర్ట్జ్: 48తో పోలిస్తే డేటా నాలుగింతలు. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటి వినిపించదు, 48తో అంతవరకూ పట్టేయొచ్చు.

యూఎస్‌బీ 3 లేదని బాధ: రెండు మైకుల ఇంటర్‌ఫేస్‌కి యూఎస్‌బీ 2 చాలా ఎక్కువ.

బ్లూటూత్ హెడ్‌ఫోన్: రికార్డింగ్‌లో వద్దే వద్దు. దాని ఆలస్యం ముందు మీ బఫర్ ఎంత తగ్గించినా లాభం లేదు. వైరు కొనండి.

అపోహ: మ్యాక్ లేకపోతే ప్రొఫెషనల్ కాదు

ఇందులో కొంత నిజం ఉంది, అందుకే చిక్కు. మ్యాక్‌లో ఆడియో వ్యవస్థ సిస్టమ్‌లోనే సరిగ్గా కుదిరి ఉంటుంది, డ్రైవర్ల గొడవ తక్కువ, గరాజ్‌బ్యాండ్ ఉచితం. 2020 చివర్లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు. ఒకే గదిలో మైకూ కంప్యూటరూ పెట్టుకునేవాళ్లకి అదెంత వరమో మే నెలలో రికార్డు చేసినవాళ్లకి తెలుసు, ఎందుకంటే అప్పటికే సీలింగ్ ఫ్యాన్ ఆపేసి చెమటలు కక్కుతుంటాం. కాకపోతే దాంట్లో ర్యామ్ గానీ స్టోరేజ్ గానీ తర్వాత పెంచలేరు. మంచి సెకండ్‌హ్యాండ్ దొరికి, మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ ఇంకా డబ్బు మిగిలితే కళ్లు మూసుకుని తీసుకోండి. మిగలకపోతే విండోస్ మిషన్‌తో మీ పాట తక్కువైపోదు. సాఫ్ట్‌వేర్ కోసం క్రాక్‌ల (దొంగ కాపీల) జోలికి పోకండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, చిన్న స్థాయిలో పని చేసేవాళ్లకి లైసెన్స్ 60 డాలర్లే.

అపోహ: 'జూం' అని హమ్ వస్తోందంటే కంప్యూటర్ పాడైంది

లాప్‌టాప్ ఛార్జర్ పీకి, బ్యాటరీ మీద వినండి. హమ్ పోయిందా? అయితే లోపం చాలావరకు మీ గోడలోనే ఉంటుంది. మన ఇళ్లలో చాలా చోట్ల మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, మూడో రంధ్రం వెనక వైరే ఉండదు. మైకు ఒళ్లు తాకితే చురుక్కుమన్నా అదే గుర్తు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. ఆ పని చేయించకుండా ఒకాయన వరసగా రెండు ఇంటర్‌ఫేస్‌లు మార్చాడు, మూడోది కొనబోతూ నాకు ఫోన్ చేశాడు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ కూడా లెక్కలో వేసుకోండి, మంచి టేకు మధ్యలో కరెంటు పోతే ఆ గాయకుడి మొహం చూడలేం.

అపోహ: సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ అంటే మోసపోవడమే

కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన ఆఫీసు డెస్క్‌టాప్‌లు, ఆప్టిప్లెక్స్, ఎలీట్‌డెస్క్, థింక్‌సెంటర్ లాంటివి, తక్కువ బడ్జెట్‌కి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి బేరం. గట్టిగా కట్టినవి, మరీ చిన్న సైజువి కాకపోతే ఫ్యాన్ నెమ్మది, స్లాట్లు తెరిచి ఉంటాయి. మొత్తం బడ్జెట్‌లో సగానికి మించి కంప్యూటర్‌కి పెట్టొద్దన్నది నా లెక్క.

కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లినప్పుడు నేను సంచిలో మూడు పట్టుకెళ్తా: నా ఇంటర్‌ఫేస్, వైరు హెడ్‌ఫోన్, రీపర్‌తో పాటు పాత సెషన్ ఒకటి ఉన్న పెన్‌డ్రైవ్. షాపులోనే డ్రైవర్ వేసి, బఫర్ 128 పెట్టి, ముప్పై ట్రాక్‌ల పాటని ఇరవై నిమిషాలు తిప్పుతాను. టప్‌మందా, ఫ్యాన్ ఎప్పుడు మొదలైంది, క్యాబినెట్ మీద చెయ్యి పెడితే ఎంత వేడి. మొన్న ఇలాగే కళ్లు మూసుకుని వింటుంటే షాపు కుర్రాడు వచ్చి, "సార్, రేటు నచ్చలేదా?" అని అడిగాడు. రేటు నచ్చింది. పద్నాలుగో నిమిషంలో రెండుసార్లు టప్‌మంది. పక్కనున్న ఇంకో పెట్టె ఇమ్మన్నాను, మళ్లీ మొదటి నుంచి పాట పెట్టాను.