డ్రైవర్ సంచీలో గోలీలు: ఈ గొడవ మొదలైంది కల్లు దుకాణంలో

వరంగల్ ఎనుమాముల మార్కెట్ బయట లారీలు ఆగే చోట రెండు రోజులుగా ఇదే ముచ్చట. డిప్రెషన్‌కు మందు వాడుతున్న ఒక డ్రైవర్ సంచీలో గోలీల షీటు కనబడిందని ఓనర్ బండి తాళాలు గుంజుకున్నాడు. "మత్తు గోలీలు మింగి స్టీరింగ్ పడతవా" అన్నాడట. డ్రైవర్ డాక్టర్ చీటీ చూపించినా వినలేదు. ఇట్లాంటి పంచాయితీ ఇదేం మొదటిది కాదు, ఏడాదికోసారి ఎక్కడో ఒకచోట లేస్తూనే ఉంది.

లారీ డ్రైవర్ల నిద్రలేని రాత్రులు, నెలల తరబడి ఇంటికి దూరంగా బతకడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే, మళ్లీ చెప్పను. నన్నడిగితే ఈ గొడవకు మూలం కల్లు దుకాణంలో ఉంది, చట్టం సంగతి తర్వాత.

మన దగ్గర కల్తీ కల్లులో మొదట క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజిపాం, అల్ప్రాజోలం అనే మత్తు మందులు కలుపుతూ వచ్చారు. చెట్టు కల్లు అందరికీ చాలదు, నీళ్ల కల్లుకు మత్తు రావాలంటే ఏదో ఒకటి పడాల్సిందే. 2015లో ఎక్సైజ్ దాడులు గట్టిగా జరిగి ఆ కల్లు దొరక్కపోయేసరికి నిజామాబాద్ వైపు ఊళ్లకు ఊళ్లే ఆగమయ్యాయి. చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మనుషుల్ని గుర్తుపట్టక ఏదేదో మాట్లాడటం, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి దాకా పరుగులు. జనం కల్లుకు అలవాటు పడ్డామనుకున్నారు, ఒళ్లు మాత్రం అందులోని అల్ప్రాజోలంకు అలవాటు పడింది. చాలామంది మానసిక వైద్యుణ్ని మొదటిసారి చూసింది అప్పుడే. దాంతో ఒక లెక్క మనసుల్లో గట్టిగా కూర్చుంది: ఆ డాక్టర్ ఇచ్చేవన్నీ మత్తు గోలీలే, ఆయన దగ్గరికి పోయేవాడు మత్తు వదలనివాడే.

అల్ప్రాజోలం వేసుకున్న గంటా రెండు గంటల్లో పట్టేస్తుంది, మెదడును జోకొడుతుంది, అలవాటుగా మారుతుంది. డిప్రెషన్‌కు ఎక్కువగా రాసే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లుఆక్సెటిన్ అట్లా కావు. అవి పనిచేయడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కిక్కు ఉండదు. కల్లులో సెర్ట్రాలిన్ కలిపితే రెండో సీసా ఎవడూ కొనడు. మొదటి వారాల్లో కొందరికి తల తిరగడం, నిద్ర అటూ ఇటూ కావడం ఉంటుంది కాబట్టి, మందు మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడు కొన్నాళ్లు బండి ఎక్కకుండా చూసుకోవడం మంచిది.

ఓనర్‌ది మొత్తం తప్పే అనలేం. మన మందుల షాపుల్లో ఎస్సిటలోప్రామ్, క్లోనజిపాం రెండూ కలిపిన గోలీలు విరివిగా దొరుకుతాయి, ఈ రెండోది అల్ప్రాజోలం కుటుంబానిదే. పగలు వేసుకుని హైవే ఎక్కితే ప్రమాదమే. అమిట్రిప్టిలిన్ కూడా నిద్ర తెచ్చే పాత రకం మందు. కానీ దాన్ని నరాల నొప్పులకు కూడా రాస్తారు, నడుము పట్టేసి ఆ గోలీ వాడే డ్రైవర్ తాళాలు ఎవరూ లాక్కోరు. జలుబుకు వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అదీ నిద్ర తెచ్చేదే.

చట్టం ఈ కథలోకి 2019 సెప్టెంబర్ 1న గట్టిగా వచ్చింది. ఆ రోజు నుంచి మత్తులో బండి నడపడం మీద ఉన్న మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో 'డ్రగ్' అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలోని సైకోట్రోపిక్ (మెదడు మీద పనిచేసే) పదార్థాలు కూడా అని వివరణ చేరింది, మొదటిసారి దొరికితే జరిమానా 10,000 రూపాయలు, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 'సైకో' అన్న అక్షరాలు చూసి మనసు మందులన్నీ అందులోకే వస్తాయని అనుకున్నారు. అల్ప్రాజోలం, క్లోనజిపాం ఆ జాబితాలో ఉన్నాయి, సెర్ట్రాలిన్ లేదు. ఉన్నా కూడా, బండిని అదుపులో పెట్టలేనంతగా మత్తులో ఉంటేనే నేరం. లైసెన్స్ కోసం నింపే ఫారం 1లో మూర్ఛ, తల తిరగడం, డ్రైవింగ్‌కు ప్రమాదమయ్యే జబ్బు ఉందా అని అడుగుతారు, ఏ గోలీ వాడుతున్నావని అడగరు. అమెరికాలో కూడా ట్రక్కు డ్రైవర్లకు ఈ మందుల మీద గంపగుత్త నిషేధం లేదు, పరీక్ష చేసే డాక్టర్ ఒక్కొక్కరినీ చూసి నిర్ణయిస్తాడు.

ఇక గంజాయి కోసం చేసే మూత్రం పరీక్ష కిట్లు. చాలా కిట్లలో గంజాయితో పాటు అల్ప్రాజోలం రకానికీ ఒక గీత ఉంటుంది, సెర్ట్రాలిన్ వాడేవాళ్లకు ఆ గీత తప్పుగా పాజిటివ్ చూపించే అవకాశం ఉంది. ల్యాబ్‌లో మళ్లీ చూస్తే తేలిపోతుంది, కానీ రోడ్డు పక్కన నిలబడ్డ డ్రైవర్‌కు అప్పటికే పేరు పడిపోతుంది.

ఓనర్లు చెప్పేదొకటి: యాక్సిడెంట్ అయితే కోర్టు మెట్లు ఎక్కేది మేము, ఇన్సూరెన్స్ వాడు వంక వెతికేది మాతోనే. నిజమే. కానీ 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి, మనసు జబ్బును ఒంటి జబ్బుతో సమానంగా చూడాలి. షుగర్ గోలీ వేసుకుని ఏమీ తినక కళ్లు తిరిగే డ్రైవర్‌ని "అన్నం తిని ఎక్కు" అంటారు, ఇతన్ని మాత్రం దిగిపొమ్మంటారు.

దీంతో డ్రైవర్లు దాచుకోవడం నేర్చుకున్నారు. ట్రిప్పుకు పోయేటప్పుడు గోలీలు ఇంట్లో పెట్టి పోతారు, వచ్చాక మళ్లీ మొదలుపెడతారు. ఈ మందులు ఉన్నపళంగా ఆపితే తల తిరుగుతుంది, నిద్ర పట్టదు, కొందరికి తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది. వేసుకుని నడిపేవాడి కంటే ఆపేసి నడిపేవాడితోనే భయం.

నిన్న సాయంత్రం తెలిసిన సంగతి: ఆ డ్రైవర్ గోలీలు మొత్తం మానేశానని ఓనర్‌కు మాట ఇచ్చాడట. ఓనర్ కూడా చల్లబడి, సోమవారం నాగ్‌పూర్ లోడుకు తాళాలు ఇస్తానన్నాడట.