గోళీలు ఆపేస్తే ఇమ్యూనిటీ పెరగదు, కిడ్నీ పోతుంది

హైదరాబాద్‌లో రుమటాలజీ ప్రాక్టీస్ నాది, అంటే లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ బాపతు, ఒంటిని కాపాడే కణాలే సొంత ఒంటి మీద పడే ఆటోఇమ్యూన్ జబ్బులు. ఇలాంటి కేసు ఈ నెలలో ఇది మూడోది. మొన్న సోమవారం ఓపీకి ఒకమ్మాయి వచ్చింది, ముప్పై కూడా లేవు, స్కూల్లో టీచర్, లూపస్ పేషెంట్. మొహం ఉబ్బింది, కాలు నొక్కితే గుంట పడుతోంది, యూరిన్‌లో నురగ వస్తోందట. గోళీలు వేసుకుంటున్నావా అంటే తలొంచుకుంది. వాళ్ళమ్మే చెప్పింది, "బంద్ జేసి నాలుగు నెలలైతుంది మేడమ్. అవి ఇమ్యూనిటీ తగ్గిస్తయంట గద, మా ఆడబిడ్డ చెప్పింది. ఇమ్యూనిటీ పెరగాలని తిప్పతీగ కషాయం తాపిస్తున్న."

తిట్టాలనిపించింది, తిట్టలేదు. ఎందుకంటే ఆ మాట పుట్టించింది మేమే. ప్రాక్టీస్ మొదట్లో నేను కూడా చీటీ రాస్తూ "ఇది ఇమ్యూనిటీ తగ్గించే మందమ్మా" అనేదాన్ని. కరోనా తర్వాత పసుపు పాల ప్యాకెట్ మీద కూడా ఇమ్యూనిటీ అని రాసి అమ్ముతుంటే, అది తగ్గించే గోళీని ఏ తల్లి మింగనిస్తుంది చెప్పండి.

అసలు అపోహ ఎక్కడుందంటే, ఇమ్యూనిటీని అందరూ ఉస్మాన్‌సాగర్ నీటిమట్టంలా అనుకుంటారు, నిండితే మంచిది, తగ్గితే కష్టం. ఒంట్లో అలాంటి మట్టం ఏదీ లేదు. ఉన్నవి రకరకాల కణాలు, వాటి మధ్య తిరిగే కబుర్లు. ఏ కబురు అందితే ఆ పని చేస్తాయి. వేలు తెగి క్రిములు లోపలికి పోయాయనుకోండి, మాక్రోఫేజ్ అనే కణం మీదున్న టోల్-లైక్ రిసెప్టర్లు, అంటే టీఎల్ఆర్ అనే సెన్సర్లు, ఆ క్రిమి పైతొడుగుని గుర్తుపడతాయి (ఈ రిసెప్టర్ల మీద పనికే 2011 నోబెల్‌లో బ్యూట్లర్‌కీ హాఫ్‌మన్‌కీ వాటా వచ్చింది), వెంటనే ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి సైటోకైన్లు, అంటే కబురు మోసే ప్రోటీన్లు, వదులుతుంది, అవి రక్తంలో లివర్ దాకా వెళ్తే మీ రిపోర్టులో సీఆర్పీ (ఒంట్లో వాపుని చూపే ప్రోటీన్) పెరుగుతుంది, మెదడు దాకా వెళ్తే జ్వరం వస్తుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పరిగెత్తుకొచ్చి కొట్లాడి అక్కడే చస్తాయి, మనం చీము అనేది చాలావరకు అదే. ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే, ఆ చచ్చిన న్యూట్రోఫిల్స్‌ని తింటున్న కొద్దీ అదే మాక్రోఫేజ్ మెల్లగా గొంతు మారుస్తుంది, ఐఎల్-10 అనే ఇంకో సైటోకైన్ వదిలి ఇక చాలు అంటుంది, పుండు మానే పనిలో పడుతుంది. కొట్టేదీ అదే, మాన్పేదీ అదే.

లూపస్‌లో తేడా కొట్టేది ఇక్కడే. చచ్చిన కణాల చెత్త టైముకి ఎత్తరు. నాలుగు రోజులు చెత్త బండి రాని గల్లీ ఎలా ఉంటుందో తెలుసుగా, అలా మన కణాల డీఎన్ఏ, ఆర్ఎన్ఏ బయట పడి ఉంటాయి, వాటిని యాంటీబాడీలు పట్టుకుంటాయి, కణాల లోపలున్న టీఎల్ఆర్-7, 9 అది చూసి వైరస్ వచ్చిందనుకుంటాయి. వైరస్ వచ్చిందని చాటే ఇంటర్‌ఫెరాన్ అనే కబురు వస్తుంది, ఇంకా కణాలు చస్తాయి, ఇంకా చెత్త. లేని వైరస్ కోసం ఒళ్ళంతా యుద్ధం, ఆ దెబ్బ కిడ్నీ మీద పడుతుంది. ఇప్పుడు చెప్పండి, ఇందులో "ఇమ్యూనిటీ పెంచడం" అంటే ఏం పెంచాలి?

మేమిచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ చేసే పనుల్లో ముఖ్యమైనది ఆ టీఎల్ఆర్-7, 9 దగ్గర తప్పుడు కబురుని ఆపడమే. అసలిది మలేరియా మందు. ఆ మలేరియా పురుగుని దోమలో మొదట చూసింది మన సికింద్రాబాద్‌లోనే, రోనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20. బేగంపేటలో ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, వీలైతే చూడండి. సరే, పక్కకి పోయాను. 2020లో ఈ గోళీ కరోనాకి పనిచేస్తుందని పుకారు లేచి జనం డబ్బాలు డబ్బాలు కొని దాచుకున్నారు, కరోనాకి పనికిరాలేదు కానీ నా లూపస్ పేషెంట్లు మాత్రం షాపుల చుట్టూ తిరిగి ఏడుస్తూ ఫోన్లు చేశారు. ఆ రోజుల్లో దొరక్క అల్లాడారు, ఇప్పుడు దొరుకుతుంటే ఆపేస్తున్నారు.

ఈ గోళీతో కళ్ళు పోతాయంటారు. కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాములు దాటకుండా వాడి, మొదట్లో ఒకసారి, ఐదేళ్ళ తర్వాత ఏటేటా రెటీనా (కంటి వెనక పొర) చూపించుకుంటే ఆ రిస్క్ చాలా తక్కువ. ప్రెగ్నెన్సీ వచ్చిందని ఆపేస్తారు, అది ఇంకా తప్పు, కడుపుతో ఉన్నప్పుడే అది కావాలి.

స్టెరాయిడ్, మైకోఫెనొలేట్ లాంటి వాటితో ఇన్ఫెక్షన్ రిస్క్ పెరగదా అంటే పెరుగుతుంది, అబద్ధం చెప్పను. అందుకే డోస్ తగ్గించుకుంటూ వస్తాం. జ్వరం వస్తే ఫోన్ చేయండి, కొన్ని గోళీలు నాలుగు రోజులు మేమే ఆపమంటాం. స్టెరాయిడ్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, ఆపొద్దు, ఆపొద్దు. కొన్ని వారాలు వాడాక, ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉంటుంది, ఠక్కున మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

తిప్పతీగ మీద నాకేం పగ లేదు. కానీ 2021లో ముంబై డాక్టర్లు అది వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు, కొందరికి ముందే ఆటోఇమ్యూన్ జబ్బులున్నాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. ఎవరు ఒప్పుకున్నా లేకపోయినా నా పేషెంట్లకి నేను వద్దనే చెప్తాను.

ఆ టీచరమ్మాయికి క్రియాటినిన్, కిడ్నీ దెబ్బతింటే పెరిగేది, 0.8 ఉండేది 2.4 అయింది. బయాప్సీలో క్లాస్ 4, అంటే కిడ్నీకి లూపస్ దెబ్బ తీవ్రంగా తగిలిన రకం. అడ్మిట్ చేసి ఇంజెక్షన్లు మొదలుపెట్టాం, కొంత వెనక్కి వస్తుంది, ఎంత వస్తుందో ఆరు నెలలకి గానీ తెలీదు. వాళ్ళమ్మ కారిడార్‌లో నా చెయ్యి పట్టుకుని "నేనే జేసిన్నా మేడమ్" అంది. కాదమ్మా అన్నాను. ఇప్పుడు నేను "ఇమ్యూనిటీ తగ్గించే మందు" అనడం మానేశాను, "తప్పుడు కబురు ఆపే గోళీ" అంటున్నాను, మా జూనియర్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

మిగతావి గబగబా. డబ్ల్యూబీసీ (తెల్ల రక్తకణాల కౌంట్) ఎక్కువుంటే ఇమ్యూనిటీ ఎక్కువ అనేది ఉత్తమాట, స్టెరాయిడ్ వేసుకున్నా కౌంట్ పెరుగుతుంది, రక్తనాళం గోడకి అంటుకున్న న్యూట్రోఫిల్స్ వదులై ప్రవాహంలోకి వస్తాయి అంతే. మృగశిరకి చేప మందు మింగొచ్చా అని ఏటా అడుగుతారు, మీ ఇష్టం గానీ ఆస్తమా ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ ఇంట్లో పెట్టి నాంపల్లి పోకండి. ఫ్లూ, న్యుమోకోకల్ టీకాలు వేయించుకోండి, లైవ్ టీకాలు (బతికున్న క్రిమిని బలహీనం చేసి తయారుచేసినవి) మాత్రం అడక్కుండా వద్దు.

ఇక ఏఎన్ఏ, అంటే లూపస్ అనుమానం ఉంటే చేయించే రక్తపరీక్ష. ఏదో హెల్త్ ప్యాకేజీలో 1:80 అనే తక్కువ లెవెల్లో పాజిటివ్ అని వస్తుంది, రాత్రంతా ఫోన్‌లో వెతికి పొద్దున్నే లూపస్ అని ఏడుస్తూ వస్తారు. ఏ జబ్బూ లేనివాళ్ళలోనే ఆ లెవెల్లో నూటికి 13 మంది దాకా పాజిటివ్ వస్తారు. నిన్న ఒక ఇంజనీరింగ్ పిల్ల అలాగే వచ్చింది, మూడు రోజులుగా అన్నం తినలేదట. కీళ్ళు చూశాను, యూరిన్ చూశాను, ఏమీ లేదు, పొమ్మన్నాను. తలుపు దాకా వెళ్ళి వాళ్ళ నాన్న వెనక్కి తిరిగి, "మరి పాజిటివ్ అని ఎర్ర ఇంకుతో ఎందుకు కొట్టిన్రు మేడమ్?" అన్నాడు. నన్ను కాదు సార్, ఆ ప్యాకేజీ అమ్మినోణ్ణి అడగండి అన్నాను.