ఉలవల్లో ఇనుముంది, ఒంటికి అందేదెంత?

వర్షం ఆలస్యమై, వేయాల్సిన పైరుకు అదను దాటిపోయినప్పుడు మెట్ట రైతుకు మిగిలే కొద్దిపాటి పంటల్లో ఉలవ ఒకటి. నేలలో మిగిలిన తేమతోనే ఎదిగి, మూడు నాలుగు నెలల్లో కోతకు వస్తుంది. వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కనుక బలం లేని నేలలోనూ బతుకుతుంది. దక్షిణ భారతంలోని నవీన శిలాయుగపు ఆవాసాల్లో సైతం ఉలవ గింజలు దొరికాయి. ఇంత పాత ఆహారపు పంటను పశువుల దాణాగా మాత్రమే చూడటం అన్యాయమే.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల ఉలవల్లో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులు, 270 మిల్లీగ్రాముల కాల్షియం, 9 మిల్లీగ్రాములకు కాస్త తక్కువగా ఇనుము ఉన్నాయి. కొవ్వు ఒక గ్రాము కూడా లేదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో ధాన్యాల్లో కొరవడే లైసిన్ ఉలవల్లో పుష్కలం. ఉలవల్లో తక్కువైన మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని ధాన్యాలు భర్తీ చేస్తాయి.

అయితే పట్టికలో కనిపించే ఇనుమంతా రక్తంలోకి చేరదు. అసలు చెప్పుకోవలసింది ఇదే. గింజ తన మొలక కోసం భాస్వరాన్ని ఫైటిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటుంది. అది పేగులో ఇనుమును, జింకును పట్టుకుని వదలదు. పొట్టులోని టానిన్లు అనే వగరు పదార్థాలూ అదే పని చేస్తాయి. నానబెట్టి మొలకెత్తిస్తే గింజలో ఫైటేజ్ అనే ఎంజైమ్ చురుకై ఫైటిక్ ఆమ్లాన్ని విడగొడుతుంది. పైగా విటమిన్ సి పెరిగి, ఇనుము ఒంటపట్టడానికి తోడ్పడుతుంది. మొలకలను ఉడికించి నిమ్మరసం పిండుకుంటే ఇంకా మేలు. మాంసకృత్తుల జీర్ణానికి అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు కూడా ఉడికినప్పుడు చాలావరకు పనిచేయకుండా పోతాయి.

అలాగని పొట్టు తీసి పారేయమని నేను చెప్పను. ఇనుమును అడ్డుకునే ఆ టానిన్ల వంటి పాలీఫినాల్స్‌కే ఆక్సీకరణ నష్టాన్ని తగ్గించే గుణం ఉంది. పీచు, నెమ్మదిగా అరిగే పిండిపదార్థం కలిసి భోజనం తర్వాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా చూస్తాయి. కడుపుబ్బరానికి కారణం రాఫినోస్ జాతి చక్కెరలు. వాటిని పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెడతాయి. కొత్తగా తినేవారు కొద్దికొద్దిగా మొదలుపెట్టి, నానబెట్టిన నీటిని పారబోస్తే ఇబ్బంది తగ్గుతుంది.

ఉలవలు మూత్రపిండాల్లో రాళ్లను కరిగిస్తాయన్న నమ్మకం బలంగా ఉంది. దాన్ని నమ్ముకుని వైద్యం మానడం ప్రమాదం. మూత్రపిండాల జబ్బు ముదిరినవారు పొటాషియం, మాంసకృత్తుల మోతాదు చూసుకోవాలి కాబట్టి ఉలవలు ఎంత తినవచ్చో వైద్యుడినే అడగాలి.