పిల్లలకు జూ పుస్తకాలు: ఎంపికలో తరచూ ఎదురయ్యే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

మూడు వైపులా తూర్పు కనుమల కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం, నడుమ దాదాపు 625 ఎకరాల పచ్చదనం. 1977లో ప్రజలకు తెరిచిన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల విశాఖపట్నం పిల్లలకు ఇచ్చినంత ఆనందం ఈ ఊళ్లో మరే చోటూ ఇచ్చి ఉండదని నా నమ్మకం. సెలవులు వచ్చాయంటే అక్కడికి వెళ్లే ముందో, వెళ్లి వచ్చాకో, పిల్లల కోసం జంతువుల పుస్తకం వెతుక్కుంటూ తల్లిదండ్రులు మా గ్రంథాలయానికి వస్తారు. పిల్లల విభాగానికి పుస్తకాలు ఎంపిక చేయడం, వాటిని పిల్లలతో కలిసి చదవడం నా వృత్తి. ఏ పుస్తకం చదివాక బిడ్డ ఎన్‌క్లోజరు ముందు ఇంకాస్త సేపు నిలబడి, జంతువు ఏం చేస్తోందో గమనిస్తుందో అదే మంచి జూ పుస్తకమని నేను భావిస్తాను. పెద్దల మనసుల్లో పాతుకుపోయిన కొన్ని అభిప్రాయాలు అటువంటి పుస్తకం పిల్లల చేతికి చేరకుండా అడ్డుపడుతున్నాయి.

అపోహ: చిన్నపిల్లల బొమ్మల పుస్తకమే కదా, ఒకటి రెండు తప్పులున్నా ఫరవాలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేదీ, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. పిల్లలు అక్షరాలకన్నా ముందు బొమ్మను చదువుతారు. మూడేళ్ల వయసులో కంటితో నేర్చుకున్నది పదేళ్ల వయసులో పాఠం విన్నా అంత సులువుగా చెరిగిపోదు. రోడ్డు పక్కన అమ్మే చవక పుస్తకాల్లోనే కాదు, మంచి కాగితం మీద అచ్చయిన ఖరీదైన పుస్తకాల్లోనూ ఒకే చెరువు దగ్గర పులి, సింహం, జిరాఫీ, కంగారూ కలిసి నీళ్లు తాగుతూ కనిపిస్తాయి. ఆఫ్రికాలో అడవి పులులు లేవు, జిరాఫీ ఆఫ్రికాలో తప్ప మరెక్కడా సహజంగా బతకదు, కంగారూది ఆస్ట్రేలియా ప్రాంతం. సింహం మాత్రం మన దేశంలోనూ ఉంది కానీ గుజరాత్‌లోని గిర్ ప్రాంతానికే పరిమితమైంది. జంతువును దాని నేల నుంచి పెకలించి చూపించే పుస్తకం ఆ జంతువు అలా ఎందుకుందో పిల్లలకు ఎన్నటికీ చెప్పలేదు.

అందుకే పుస్తకం కొనే ముందు కొన్ని పుటలను నేను ప్రత్యేకంగా పరిశీలిస్తాను. మొదట చింపాంజీ పుట తీస్తాను. బొమ్మలో దానికి తోక ఉంటే చిత్రకారుడు అసలు జంతువును చూడకుండానే గీశాడని అర్థం, ఎందుకంటే చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్, గిబ్బన్ తోక లేని వానరాలు. తరువాత ఏనుగు. చెవులు భుజాలను కప్పేంత పెద్దవిగా ఉండి, తొండం చివర వేలి వంటి కొనలు రెండు ఉంటే అది ఆఫ్రికా ఏనుగు. చెవులు చిన్నవై, తొండం చివర ఒకే కొన ఉంటే మన ఆసియా ఏనుగు. మన ఏనుగుల్లో పొడవైన దంతాలు మగవాటికే, అదీ కొన్నింటికే ఉంటాయి కాబట్టి తల్లి ఏనుగుకు బారెడు దంతాలు గీసి "మన అడవి ఏనుగు" అని రాసిన పుస్తకాన్ని పక్కన పెట్టవచ్చు. చిరుతపులికి, చీతాకు తేడా కూడా చూడాలి. చిరుతపులి ఒంటి మీద గులాబీ రేకుల్లా విడివడిన మచ్చల గుంపులుంటాయి. చీతాకు గుండ్రని నిండు నల్ల చుక్కలు, కంటి కొస నుంచి నోటి దాకా జారిన నల్లటి చారలు ఉంటాయి.

తెల్లపులి మాటకు వస్తే పొరపాట్లు మరీ ఎక్కువ. మంచులో నడుస్తున్న తెల్లపులి బొమ్మ వేసి, అదొక ప్రత్యేక జాతి అని రాసేవాళ్లున్నారు. తెల్లపులి వేరే జాతి కాదు, మంచు ప్రాంతాల జంతువూ కాదు. మామూలు బెంగాల్ పులుల్లోనే అరుదైన జన్యు మార్పు వల్ల ఆ రంగు వస్తుంది. 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో పట్టుబడి 'మోహన్' అని పేరు పెట్టిన తెల్లపులి కూన సంతతే నేడు జూలలో కనిపించే తెల్లపులుల్లో అత్యధిక భాగం. దగ్గరి బంధువుల మధ్యే సంతానం కలుగుతూ రావడం వల్ల వాటిలో చాలావాటికి ఆరోగ్య సమస్యలు ఎదురవుతున్నాయి. మన జూలో తెల్లపులి ముందు గుమిగూడే జనాన్ని చూసినప్పుడల్లా, ఈ ఒక్క సంగతైనా సరిగ్గా చెప్పే తెలుగు బొమ్మల పుస్తకం ప్రతి ఇంట్లో ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

ఒంటె మూపురంలో నీళ్లుంటాయని, నిప్పుకోడి ఇసుకలో తల దూర్చి దాక్కుంటుందని, పాము పాలు తాగుతుందని రాసిన పుస్తకాలకు ఇప్పటికీ కొదవ లేదు. మూపురంలో ఉండేది కొవ్వు. నిప్పుకోడి నేలలో చేసుకున్న గుంటలోని గుడ్లను ముక్కుతో తిప్పడానికి తల వంచుతుంది. పాము పాల కోసం వెతుక్కునే జీవి కానే కాదు. ఇవి చిన్న తప్పులేనని వదిలేస్తే, నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసే ఇంట్లో పెరిగే బిడ్డకు అసలు సంగతి ఇంకెవరు చెబుతారు?

అపోహ: ఎన్ని ఎక్కువ జంతువులుంటే అంత మంచి పుస్తకం.

"వంద జంతువులు", "రెండు వందల జంతువులు" అని అట్ట మీద అచ్చేసిన పుస్తకాలు పేర్లు నేర్పుతాయి, అంతకు మించి ఏమీ నేర్పవు. ఒక్కో పుటలో పన్నెండు బొమ్మలుంటే పిల్లల వేలు ఒకదాని మీది నుంచి మరొక దాని మీదికి దూకుతుందే తప్ప దేని మీదా నిలవదు. ఒకే జంతువును పుస్తకమంతా వెంబడించే రచన ఐదారేళ్ల పిల్లలకు ఎంతో మేలు. మా దగ్గర ఎలుగుబంటి గురించిన ఒక పుస్తకాన్ని పిల్లలు మళ్లీ మళ్లీ అడిగి తీసుకువెళతారు. మన ఎలుగుబంటికి పై దవడలో నడిమి పళ్లు రెండు ఉండవని, ఆ సందులోంచి చెదపురుగులను గాలితో సహా జుర్రుకుంటుందని, తల్లి తన కూనలను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుందని అందులో బొమ్మలతో సహా ఉంది. ఆ పుట చూసిన పిల్లలు మూతి ముడిచి, గాలి లోపలికి పీల్చి ఆ చప్పుడు తాము చేసి చూస్తారు. శ్రీకాకుళం ఉద్దానం వైపు బంధువులున్న పిల్లలైతే జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వచ్చిన సంగతులు తామే మొదలుపెడతారు.

అపోహ: ఇంగ్లీషులో వచ్చే విదేశీ పుస్తకాలే నాణ్యమైనవి.

ముద్రణ విషయంలో ఆ మాట కొంతవరకు నిజం కావచ్చు. అయితే వాటిలో ఉండే రకూన్, మూస్, ధ్రువపు ఎలుగు మన పిల్లలు చూడబోయేవి కావు. వాళ్లు చూడబోయే రేచుకుక్క (అడవి కుక్క), కణుజు (సాంబార్ జింక), అలుగు (పాంగోలిన్), దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్), గిరినాగు (కింగ్ కోబ్రా) వాటిలో ఉండవు. గిరినాగు సంగతే చూడండి. ఆకులు పోగుచేసి గూడు కట్టి అందులో గుడ్లు పెట్టే పాము ప్రపంచంలో అదొక్కటే. దాని ఆహారంలో ఎక్కువ భాగం ఇతర పాములే. మన ఉత్తరాంధ్ర కొండల అంచున ఉన్న పల్లెల్లో అది అప్పుడప్పుడూ కనిపిస్తుంది. ఇంత అద్భుతమైన జీవి ఇంటి గుమ్మం దగ్గరే ఉండగా, అనకొండ గురించి మాత్రమే తెలిసిన పిల్లలను తయారుచేయడం నాకు బాధ కలిగిస్తుంది.

తెలుగులో మంచి పుస్తకాలు తక్కువేమో కానీ లేకపోలేదు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలను తెలుగులో తక్కువ ధరకు అందిస్తోంది. చెన్నైకి చెందిన తూలికా సంస్థ ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కనే ఉండే ద్విభాషా పుస్తకాలు వేస్తుంది. అవి అమ్మమ్మ తెలుగులోనూ, మనవరాలు ఇంగ్లీషులోనూ కలిసి చదవడానికి అనువుగా ఉంటాయి. 'మంచి పుస్తకం' అనే సంస్థ ప్రచురణలున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వేదికలో తెలుగు పుస్తకాలను ఉచితంగా చదువుకోవచ్చు, దించుకుని అచ్చు వేసుకోవచ్చు కూడా. అందులో పుస్తకాలను చదివే స్థాయిని బట్టి విభజించారు కాబట్టి అట్ట మీది వయసు చూసి తికమకపడనక్కర లేదు.

ఏ భాషలోనిదైనా ముద్రణ సంవత్సరం చూడటం మరువకూడదు. మన దేశంలో చీతా అంతరించిపోయిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి తెచ్చిన 8 చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ ఉద్యానంలో విడిచిపెట్టారు. మన దేశంలో చీతాలు లేవని అంతకు ముందు అచ్చయిన పుస్తకంలో ఉన్న వాక్యం అప్పటికి సరైనదే, ఇప్పటికి కాదు. ఆ తేడాను పిల్లలకు వివరించి చెబితే పాత పుస్తకమూ పనికివస్తుంది.

అపోహ: మాట్లాడే జంతువులున్న కథలు పిల్లలకు తప్పుడు జ్ఞానం ఇస్తాయి.

పంచతంత్రం విని పెరిగిన జాతి మనది. నక్క మాట్లాడినా, కాకి ఉపాయం చెప్పినా అది కథ అని నాలుగేళ్ల పిల్లలకు తెలుసు. చిక్కు వచ్చేది సమాచార పుస్తకం వేషంలో ఉండే కథలతో. పళ్లన్నీ బయటపెట్టిన చింపాంజీ ఫోటో కింద "చూడండి, ఎలా నవ్వుతోందో" అని రాసి ఉంటే, పిల్లలు దాన్ని నిజమని నమ్ముతారు. చింపాంజీ అలా పళ్లు ఇకిలించడం చాలా సందర్భాల్లో భయానికి, లొంగుబాటుకు గుర్తు. చొక్కా, టోపీ తొడిగి సైకిలు తొక్కించిన ఎలుగుబంటి ఫోటోలు పాత పుస్తకాల్లో ఇంకా కనిపిస్తాయి. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుతపులి, సింహం వంటి జంతువులకు ఆటలు నేర్పి ప్రదర్శించడాన్ని మన దేశంలో 1998లోనే నిషేధించారు. కథలోని ఎలుగుబంటిని పెళ్లికి వెళ్లనివ్వండి, నిజమైన ఎలుగుబంటి ఫోటోను మాత్రం వేడుకగా చూపే పుస్తకం వద్దు.

అపోహ: జూను పొగిడే పుస్తకమే పిల్లలకు తగినది. దీనికి ఎదురుగా: జూ అంటే జైలు అని చెప్పే పుస్తకమే నిజాయితీ గలది.

రెండు వైపుల నుంచీ నాకు ఈ మాటలు వినిపిస్తుంటాయి, రెండూ పిల్లల ప్రశ్నలకు తలుపు మూసేవే. "ఈ పులి ఇంటికెప్పుడు వెళ్తుంది?" అని అడిగిన పిల్లవాడికి సమాధానం చెప్పాలంటే జూ ఎలా పనిచేస్తుందో పుస్తకంలో ఉండాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 1992లో ఏర్పాటైన కేంద్ర జూ ప్రాధికార సంస్థ గుర్తింపు లేకుండా మన దేశంలో జూ నడపడానికి వీల్లేదు. జంతువుకు ఎంత చోటు, ఎటువంటి రాత్రి గది, ఏ వైద్యం అందాలో ఆ సంస్థ ప్రమాణాలు నిర్దేశిస్తుంది. అడవిలో తగ్గిపోతున్న కొన్ని జాతులను జూలలో పెంచే కార్యక్రమమూ ఉంది. రేచుకుక్కల విషయంలో ఆ బాధ్యత తీసుకున్నది మన విశాఖ జూయే. ఈల వేసినట్టు కూసి ఒకదాన్నొకటి పిలుచుకునే, వేటాడిన మాంసాన్ని ముందు కూనలకు వదిలే ఈ జంతువు ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉంది. పులుల ఎన్‌క్లోజరు వైపు పరుగెత్తే దారిలో దాన్ని దాటేసి వెళ్లిపోయే పిల్లలను ఆపగలిగే పుస్తకం ఇంకా రావలసి ఉంది.

ఇరుకు బోనులో అటూ ఇటూ అదే పనిగా తిరిగే జంతువు గురించి కూడా పుస్తకం దాచకూడదు. అది తోచక, ఒత్తిడితో చేసే చేష్ట కావచ్చని, అందుకే మంచి జూలలో ఆహారాన్ని దాచిపెట్టి వెతికించడం, ఎక్కడానికి దుంగలు ఏర్పాటు చేయడం వంటి పనులు చేస్తారని చెప్పాలి. జంతువుకు బిస్కట్టు అందించే పిల్లవాడి బొమ్మ ఉన్న పుస్తకాన్ని మాత్రం నేను గ్రంథాలయంలోకి రానివ్వను. జూలో జంతువులకు తిండి పెట్టడం, వాటిని ఏడిపించడం, కేకలతో బెదరగొట్టడం చట్టరీత్యా నేరం. బొత్తాం నొక్కితే గర్జన వినిపించే పుస్తకాల పట్లా ఇదే కారణంతో నాకు అంత సుముఖత లేదు. సింహం అంటే గర్జించేదే అని నేర్చుకున్న పిల్లలు పడుకున్న సింహాన్ని చూసి "లే, లే" అని అరుస్తారు. పిల్లి జాతి పెద్ద జంతువులు రోజులో ఎక్కువ సేపు విశ్రాంతిలోనే ఉంటాయని ఒక్క వాక్యం రాసిన పుస్తకం ఆ కేకలను చాలావరకు ఆపుతుంది.

అపోహ: వేట, మాంసం, చావు పిల్లల పుస్తకాల్లో ఉండకూడదు.

నెత్తురు చూపించనక్కర లేదు, అబద్ధమూ చెప్పనక్కర లేదు. పులి మాంసమే తింటుంది, అడవిలో రోజూ దొరకదు. మన దేశంలో చాలా జూలలో మాంసాహార జంతువులకు వారానికి ఒకరోజు ఆహారం పెట్టకపోవడానికి ఇదొక కారణమని చెబితే పిల్లలు ఎంతో ఆసక్తిగా వింటారు. వాళ్లకన్నా ముందు భయపడేది మనమే.

అపోహ: జూకు వెళ్లే ముందు చదివిస్తే చాలు.

ముందు చదివితే ఉత్సాహం పెరుగుతుంది, నిజమే. అసలైన చదువు తిరిగి వచ్చాక మొదలవుతుంది. ప్రతి ఎన్‌క్లోజరు దగ్గర జంతువు పేరు, అది ఎక్కడ నివసిస్తుంది, ఏం తింటుంది అన్న వివరాలతో బోర్డు ఉంటుంది. ఒకటి రెండు బోర్డులను ఫోనులో ఫోటో తీసుకుని, ఇంటికి వచ్చాక పుస్తకంలోని అదే జంతువు పుట పక్కన పెట్టి పిల్లలను పోల్చి చూడమనండి. ఎక్కడ తేడా ఉన్నా వాళ్లే పట్టుకుంటారు. మా గ్రంథాలయంలో అలా దొరికిన తప్పును ఒక చీటీ మీద పిల్లల చేతనే రాయించి ఆ పుటలో అంటిస్తాం, కింద వాళ్ల పేరు, తరగతి ఉంటాయి. ఆ చీటీలున్న పుస్తకాలను మిగతా పిల్లలు వెతికి మరీ తీసుకుంటున్నారు. పాఠశాల గ్రంథాలయాలు చూసుకునే ఉపాధ్యాయులు కూడా ఈ పద్ధతిని పాటించి చూడవచ్చు, దీనికి చీటీల ఖర్చు తప్ప మరే ఖర్చూ లేదు.