పీసీఆర్ పాజిటివ్ అంటే రోగం ఉన్నట్టేనా?

చెన్నైలో నేను పనిచేసే ల్యాబుకి నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చాలామంది వస్తారు. కౌంటర్ దగ్గర తెలుగు వినపడితే నన్ను పిలుస్తారు. వెళ్తే పదిసార్లలో ఆరుసార్లు ఒకటే మాట: "టీబీ మందులన్నీ వాడేశాం మేడమ్. అయినా పీసీఆర్ పాజిటివ్ వచ్చింది. రోగం పోలేదంట."

ఎవరన్నారంట? పక్కింటాయన. లేదా వాట్సాప్.

పీసీఆర్ వెతికేది డీఎన్‌ఏ ముక్కని. అది బతికున్న బ్యాక్టీరియాదా, చచ్చినదా అన్నది మిషన్‌కి తెలియదు. పెళ్లయిన మర్నాడు పందిట్లో ఎంగిలి విస్తళ్లు కనపడితే చుట్టాలింకా ఉన్నారనుకుంటామా? మందులకి చచ్చిన టీబీ బ్యాక్టీరియా డీఎన్‌ఏ తెమడలో నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి రావచ్చు. అందుకే మందు పనిచేస్తోందా, రోగం పోయిందా అని చూడ్డానికి పీసీఆర్ వాడం. దానికి స్మియర్ (తెమడని గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూడటం), కల్చర్ (బతికున్న బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడటం) ఉన్నాయి. కోర్సు అయ్యాక "ఎందుకైనా మంచిది" అని పీసీఆర్ చేయించుకోవద్దు. ఆ రిపోర్టు చూసి మళ్ళీ మందులు మొదలుపెడితే లివర్ మీద పడేది మీకే.

కావలి నుంచి ఒక పెద్దాయనని కొడుకు తీసుకొచ్చాడు. ఆరు నెలల కోర్సు అయిపోయింది, దగ్గు లేదు, ఐదు కిలోలు పెరిగాడు. ఎక్కడో ఒక చెకప్ ప్యాకేజీలో పీసీఆర్ పరీక్ష కలిపేశారు. 'ఎంటీబీ డిటెక్టెడ్, వెరీ లో' (టీబీ బ్యాక్టీరియా డీఎన్‌ఏ కనపడింది, కానీ చాలా తక్కువ) అన్న లైన్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. అప్పట్నుంచి పెద్దాయనకి వరండాలో మంచం, విడిగా కంచం. ఆయన నన్నడిగింది మందుల గురించి కాదు. "మనవరాల్ని ఎత్తుకోవచ్చా తల్లీ?"

నాకు కోపమొచ్చింది, కొడుకు మీద కాదు. రోగం ఉండగా ఇంట్లోనే ఉంచి మందులిచ్చినా, శానిటోరియంలో (టీబీ రోగుల్ని విడిగా ఉంచే ఆసుపత్రిలో) పెట్టినదానికంటే ఇంటివాళ్లకి ఎక్కువగా అంటదని మా చెన్నైలో చేసిన అధ్యయనమే 1959లో తేల్చింది. ఇక్కడ మందులే అయిపోయాయి. అయినా అనుమానం ఉండకూడదని కల్చర్ పెట్టాం. కల్చర్‌లో బ్యాక్టీరియా పెరుగుతోందా అని కనిపెట్టే ఎంజీఐటీ మిషన్ 42 రోజులు చూసింది. ఏమీ పెరగలేదు. కొడుక్కి నేనే ఫోన్ చేసి చెప్పాను.

ఇది చదివి తిరగేసి పట్టుకోకండి. ఎప్పుడూ మందులు వాడనివాళ్లకి పాజిటివ్ వస్తే "చచ్చిన బ్యాక్టీరియాలే" అని వదిలేయడానికి లేదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కోర్సు అయ్యాక మళ్ళీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం మొదలైనా అంతే. అప్పుడు పీసీఆర్‌తో పాటు కల్చర్ కూడా అడగండి.

మిగతావి గబగబా చెప్తా. నెగెటివ్ వస్తే టీబీ లేనట్టేనా? డబ్బాలో మీరిచ్చింది ఉమ్మి అయితే ఆ నెగెటివ్‌కి విలువ లేదు. పొద్దున్నే గుండె లోతు నుంచి దగ్గి తీసిన తెమడ కావాలి. జీన్‌ఎక్స్‌పర్ట్ అనే పీసీఆర్ మిషన్‌లో 'రిఫాంపిసిన్ సెన్సిటివ్' (రిఫాంపిసిన్ అనే టీబీ మందు పనిచేస్తుంది) అని వస్తే అన్ని మందులూ పనిచేస్తాయనా? కాదు, మామూలు టీబీ కార్ట్రిడ్జ్ ఐసోనియాజిడ్ అనే ఇంకో టీబీ మందు సంగతి చూడదు. గవర్నమెంటు ఆసుపత్రిలో ఫ్రీ కాబట్టి నాసిరకమా? అక్కడ వాడేవీ అవే జీన్‌ఎక్స్‌పర్ట్, ట్రూనాట్ మిషన్లే.

ఒక్కటి మాత్రం నిదానంగా చెప్పాలి. టీబీ అనుమానంతో మెడ దగ్గర గడ్డ తీసి ముక్క పంపుతారు. మూత తీయగానే ఫార్మాలిన్ (ముక్క చెడకుండా వేసే రసాయనం) వాసన ముక్కులు పగలగొడుతుంది. ఆ ముక్క బయాప్సీకి పనికొస్తుంది గానీ, కల్చర్‌కి అస్సలు పనికిరాదు. పీసీఆర్ కూడా సరిగ్గా రాదు, డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. మళ్ళీ కొయ్యమని పేషెంటుకి ఎలా చెప్పను? అందుకే ఆపరేషన్‌కి ముందే సర్జన్‌ని అడగండి: "ఒక ముక్క ఫార్మాలిన్‌లో వెయ్యకుండా, నార్మల్ సెలైన్‌లో వేసి మైక్రోబయాలజీకి పంపిస్తారా?"