అండమాన్ తెల్లగూడు వెనక కథ

పిచ్చుక గడ్డిపరకలతో గూడు కడుతుంది. అండమాన్ గుహల్లో ఉండే హవాబిల్ అనే పక్షి మాత్రం అచ్చంగా తన ఉమ్మితోనే కడుతుంది. దారాల్లా సాగే ఉమ్మిని రాతిగోడకు అతికిస్తూ, అరచేతిలో పట్టే తెల్లటి అరగిన్నె పూర్తి చేయడానికి నెలకు పైనే పడుతుంది. పగలంతా అడవి మీద ఎగురుతూ పురుగులు పట్టుకుంటుంది. గుహలోని చిమ్మచీకట్లో టకటకమని చప్పుడు చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకుంటుంది.

పుస్తకాల్లో దీన్ని ఎడిబుల్ నెస్ట్ స్విఫ్ట్‌లెట్ అంటారు. ఈ జాతి ఆగ్నేయాసియాలోనూ ఉంది కానీ, 1873లో పక్షిశాస్త్రవేత్త హ్యూమ్ గుర్తించిన ఉపజాతి అండమాన్ నికోబార్ దీవులకే సొంతం.

ఆ గూడే దాని ప్రాణం మీదికి తెచ్చింది. చైనీయులు దానితో సూప్ చేసుకుంటారు, ఎంత ధరైనా పెడతారు. అందుకే గూడు కనిపిస్తే చాలు పీకేసేవాళ్లు. ఆగితే ఇంకొకడు పట్టుకుపోతాడని టెన్షన్. లోపల గుడ్లున్నా, కళ్లు తెరవని పిల్లలున్నా కింద పారేయడమే. పక్షి మళ్లీ కట్టేది, మళ్లీ పీకేవాళ్లు. 1990లలో కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన రవి శంకరన్ గుహ గుహా తిరిగి లెక్కలు తీస్తే, పదేళ్లలో సుమారు 80 శాతం పక్షులు తగ్గిపోయాయని తేలింది.

ఆయన చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. గూళ్లు పీకినవాళ్లనే కాపలా పెట్టించారు. ఏ పగుల్లో ఎన్ని గూళ్లుంటాయో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? ఉత్తర అండమాన్‌లోని చాలీస్ ఏక్ గుహల దగ్గర, ఇంటర్‌వ్యూ దీవిలో అటవీశాఖతో కలిసి ఈ కాపలా నడిచింది. అక్కడ పక్షులు మళ్లీ పెరిగాయి.

2002లో ఈ పక్షిని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. అంటే పులికి ఉన్నంత రక్షణ. కానీ దాంతో పిల్లలు ఎగిరిపోయాక మిగిలిన ఖాళీ గూడు ముట్టుకున్నా నేరమే అయింది. మరి కాపలా కాసేవాడికి మిగిలేదేంటి? పిల్లలు ఎగిరాకే గూడు తీసి అమ్ముకోనివ్వాలన్నది శంకరన్ ఆలోచన. 2009 జనవరిలో ఆయన గుండెపోటుతో పోయారు. అదే ఏడాది పక్షిని ఆ షెడ్యూల్ నుంచి తీసేశారు.

పైకి రక్షణ తీసేసినట్టే కనిపిస్తుంది. నా మటుకు ఆ నిర్ణయం సరైనదే, గుహ ముందు మనిషి ఉన్నంతకాలం. ఆ కాపలా ఎత్తేసి సడలింపు ఒక్కటే మిగిల్చితే, గుడ్లు మళ్లీ గుహ నేల మీద పడతాయి.