ఓటుకు ముందు చేయాల్సిన పని

చిరంజీవులైన పిల్లలందరికీ అవ్వ ఆశీస్సులు.

మీలో కొందరికి కొత్తగా ఓటు వచ్చింది, కొందరికి వచ్చే ఏడు వస్తుంది. "ఓటేస్తే ఏం మారుతుంది అవ్వా, ఎవరు గెలిచినా ఒకటే కదా" అని మీరు అంటుంటే విన్నాను. నోటితో చెబితే సగంలో లేచిపోతారు, అందుకే ఉత్తరం రాస్తున్నా. మన నెల్లూరు జిల్లాలో జరిగిందే చెబుతాను. ఓటు గురించి నాకు తెలిసిందంతా అక్కడే ఉంది.

అప్పట్లో ఊరూరా సారా అంగళ్లు ఉండేవి. 1980లలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి ఊళ్లకు చేర్చే పద్ధతి వచ్చింది. దానికి 'వారుణి వాహిని' అని పేరు. అంగడి నడిపే హక్కును ఏటా వేలం వేసేవారు. కాంట్రాక్టరు పాట పాడి దక్కించుకున్నాక ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవాలి కదా, ప్యాకెట్లు పొలం గట్టు దాకా వచ్చేవి. కూలి డబ్బులు సాయంత్రానికి అంగట్లో పడేవి. ఇంట్లో పొయ్యి వెలగదు, పైగా దెబ్బలు. ఇది ప్రతి ఇంటి గొడవే, కానీ ఎవరింట్లో వాళ్లు ఏడ్చుకునేవాళ్లు.

1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లకు అక్షరాలు నేర్పిన మాట నిజమే. కానీ అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. ఊళ్లోని ఆడవాళ్లు నీళ్ల దగ్గరో పొలంలోనో కాకుండా, ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం చాలామందికి అదే మొదలు. మాట్లాడుకుంటే అందరి కష్టం ఒక్కటేనని తేలింది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్లు కలిసి సారా అంగడి మూయించారు. ఆ కథ రాత్రిబడి వాచకంలో పాఠంగా వచ్చింది. పక్క ఊళ్ల వాళ్లు అది చదివి, "వాళ్లు మూయించగా లేనిది మనమెందుకు మూయించలేం" అనుకున్నారు. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా జీపులకు అడ్డం నిలబడ్డారు.

ఇక్కడ ఒక విషయం బాగా గమనించండి. వాళ్లు "సమాజం మారాలి" అని అడగలేదు. "మా ఊళ్లో అంగడికి వేలం వేయొద్దు" అన్నారు. అడిగింది ఒక్కటే, అదీ తేటగా. అవుననో కాదనో చెప్పక తప్పదు, నసిగి తప్పించుకోవడానికి వీల్లేదు. ఎవర్ని అడగాలో కూడా వాళ్లకు తెలుసు. అంగట్లో కూర్చున్నవాడితో పోట్లాడితే రేపు ఇంకొకడు వస్తాడు. వేలం జరిగేది జిల్లా కేంద్రంలో, కాబట్టి 1992లో ఊళ్ల నుంచి ఆడవాళ్లు నెల్లూరుకే కదిలారు. వేలంపాటలు ఒకటికి రెండుసార్లు వాయిదా పడ్డాయి. సారా మీద వచ్చే ఆదాయాన్ని ఏ ప్రభుత్వమూ సులువుగా వదులుకోదు. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారిదీ మన జిల్లాయే, అయినా వెంటనే ఏమీ కాలేదు. ఆ తర్వాత కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది.

ఇంతవరకూ ఒక్క ఓటు కూడా పడలేదు, చూశారా? ఎన్నికలు 1994 చివర్లో వచ్చాయి. అప్పటికి ఏ పార్టీ మనిషి ఊళ్లోకి వచ్చినా ఆడవాళ్ల మొదటి ప్రశ్న మద్యం గురించే. ఒకప్పుడు వారుణి వాహిని తెచ్చిన ఎన్టీఆరే సంపూర్ణ మద్యనిషేధం హామీతో వచ్చారు. రెండు రూపాయల కిలో బియ్యం హామీ కూడా ఉంది కాబట్టి గెలుపంతా సారా ఉద్యమానిదే అంటే అది అతిశయోక్తి. కానీ 294 స్థానాల్లో కాంగ్రెస్‌కు 26 మిగలడంలో ఆడవాళ్ల కోపం పాలు లేదని ఎవరూ అనలేరు. డిసెంబర్ 12న ప్రమాణ స్వీకారం రోజునే ఆయన నిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది.

తర్వాతి సంగతి చెప్పకుండా వదిలేస్తే మీకు అన్యాయం చేసినట్టే. 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానాకు రాబడి లేదన్నారు, పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు వస్తోందన్నారు, నాటుసారా పెరిగిందన్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఈసారి ప్రభుత్వం చేతులు పట్టుకుని ఆపే గుంపులు లేవు. ఉద్యమంలో కలిసిన ఆడవాళ్లు చాలామంది పొదుపు సంఘాల్లోకి వెళ్లారు. రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి మన జిల్లాలోనే పుట్టింది. దానివల్ల ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, నేను కాదనను. అయితే సంఘం సమావేశాల్లో లోన్లు, కిస్తీలు మాట్లాడటం పెరిగింది, ఊరి సంగతులు తగ్గాయి. ఇప్పుడు ఆ సంఘాల వాళ్లనే బస్సులెక్కించి సభలకు తీసుకెళుతుంటే నాకు బాధగా ఉంటుంది. ఒకప్పుడు నాయకుల్ని తమ దగ్గరికి రప్పించుకున్నవాళ్లు వాళ్లు.

అందుకే మీకు చెప్పేది, అసెంబ్లీ ఎన్నికల దాకా ఆగొద్దు. పంచాయతీ దగ్గర మొదలుపెట్టండి. అక్కడ పార్టీ గుర్తులు ఉండవు, నిలబడేవాళ్లు మీకు తెలిసిన మనుషులే, కొన్నిచోట్ల పదీ పదిహేను ఓట్లతో ఫలితం తేలిపోతుంది. ఎన్నికలకు కొన్ని నెలల ముందే వీధిలో పదిమంది కూర్చుని ఒక్క సమస్య ఎంచుకోండి. మురుగు కాలువ కావచ్చు, బడిలో బాత్రూమ్‌కు నీళ్లు లేకపోవడం కావచ్చు. అది ఎవరి చేతిలో ఉందో ముందు కనుక్కోండి. ఎమ్మెల్యే చేతిలో ఉన్నదాన్ని సర్పంచ్‌ని అడిగి లాభం లేదు. లెక్కలు చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. తర్వాత నిలబడే ప్రతి అభ్యర్థినీ అదే ప్రశ్న అందరి ముందూ అడగండి. మీకు ఇష్టమైనవాళ్లనైనా సరే, అడగకుండా వదలొద్దు.

ఓటర్ల జాబితా కూడా మీ పనే. పంచాయతీ ఎన్నికలకు కూడా అసెంబ్లీ జాబితానే ఆధారం. పదిహేడు నిండినవాళ్లు ఓటరుగా పేరు నమోదుకు ముందుగానే ఫారం 6 అనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వీధిలో వలస వెళ్లిన కూలీల పేర్లు, ఒంటరి ముసలివాళ్ల పేర్లు ఉన్నాయో లేదో చూడండి. పేరు పోయిందని పోలింగ్ రోజున తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు. డబ్బు పంచేవాళ్లు వస్తారు, వాళ్లతో గొడవకు దిగొద్దు. తీసుకోకుండా పంపేసి, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా నెమ్మదిగా చెప్పండి.

ముందుగా ఈ ఆగస్టు 15న గ్రామసభకు వెళ్లండి. సభ ఉందని ముందురోజే దండోరా వేయించమని పంచాయతీ కార్యదర్శిని అడగండి, లేకపోతే నలుగురితో ముగించేస్తారు. అమ్మలనూ అక్కలనూ వెంట తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టండి. మీరు అడిగింది తీర్మానాల పుస్తకంలో ఎక్కించారో లేదో అక్కడే చదివి చూసుకుని, అప్పుడే సంతకం పెట్టండి.

ఇట్లు,
మీ అవ్వ